కాపలావాడే గడియ వేస్తే



2024 జూలై 19, శుక్రవారం. హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయంలో ఆనాడు కొందరు ప్రయాణికుల చేతికి అచ్చువేసిన బోర్డింగ్ పాసులకు బదులు, పెన్నుతో రాసిన చీటీలు అందాయి. పేరు, విమానం నంబరు, సీటు నంబరు అన్నీ చేతిరాతే! ఇండిగో సంస్థ ఆ గందరగోళంలో దాదాపు 200 విమానాలను రద్దు చేసుకుంది. కారణం చాలా చిన్నది. కంప్యూటర్లు తెరుచుకోలేదు. స్విచ్చి వేస్తే నీలం తెర కనిపించడం, తనంతట తాను ఆరిపోయి మళ్లీ మొదలవడం, మళ్లీ అదే నీలం తెర. ఇదంతా ఏ వైరసు పనో అనుకుంటాం గదా? కాదు. వైరసులు రాకుండా కాపలా కాయమని డబ్బిచ్చి పెట్టుకున్న రక్షణ సాఫ్టువేరు చేసిన పని!

సండూరు కొండల నడుమ తారానగర్‌లో వున్న మనకు విమానాల గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. అయితే ఒక్కసారి ఆలోచించండి. పొలం పహాణీ కంప్యూటరులోనే వుంది. బ్యాంకు ఖాతా అందులోనే. గనుల నుంచి ఖనిజం లారీ కదలాలంటే పర్మిట్టు అందులోంచే రావాలి. అది తెరుచుకోని రోజున పని మానుకుని వచ్చి వరుసలో నిలబడేది మనమే. అందుకని ఈ కాపలా కథను మొదటి నుంచి చెప్పుకుందాం.

స్విచ్చి వేయగానే కంప్యూటరు ఏం చేస్తుందో ముందు చూద్దాం. మొదట తన అవయవాలు సరిగా వున్నాయో లేదో చూసుకుంటుంది. తరువాత డిస్కులో రాసి వున్న చిన్న ఆదేశాన్ని చదువుతుంది. అది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను లేపుతుంది. కెర్నెల్ తన పరివారాన్ని, అంటే డ్రైవర్లను, ఒక్కొక్కటిగా పిలుస్తుంది. ఆఖరున మనకు తెర కనిపిస్తుంది. ఇంట్లో యజమాని లేవక ముందే వాకిలి తెరిచే మనిషి లేచినట్టన్నమాట.

దొంగలు మొదట పట్టుకున్నది ఆ వాకిలినే. 1986లో లాహోరులో ఆల్వీ సోదరులు రాసిన బ్రెయిన్ అనే వైరసు ఫ్లాపీలోని మొదటి చోటే దాగేది. తాము తయారుచేసిన వైద్య సాఫ్టువేరును ఎవరూ దొంగ కాపీలు చేసుకోకుండా దానిని రాశామని వారు చెప్పుకున్నారు. అంటే ఆ తొలి దొంగ కూడా కాపలా పేరు చెప్పుకునే వచ్చాడు! 1990లో మన దేశంలోనే జోషి అనే వైరసు బయటపడింది. అదీ వాకిట్లోనే కూర్చునేది. ఏటా జనవరి 5న కంప్యూటరును కదలనివ్వకుండా ఆపి, హ్యాపీ బర్త్‌డే జోషి అని టైపు చేస్తే గాని వదిలేది కాదు.

దొంగ తెల్లవారుజామున వస్తుంటే కాపలావాడు అంతకంటే ముందే లేవాలి గదా. అందుకని యాంటీవైరస్ సాఫ్టువేర్లు కూడా క్రమంగా కెర్నెల్ లోపలికి, డ్రైవర్ల వరుసలోకి చేరాయి. వాకిలి తాళం, వంటింటి తాళం, ఇనప్పెట్టె తాళం అన్నీ వాటి చేతికిచ్చాం. సాధారణ ప్రోగ్రాము తప్పు చేస్తే ఆ ఒక్కటే మూతపడుతుంది. కెర్నెల్ లోపల కూర్చున్నది తప్పు చేస్తే మొత్తం ఇల్లే మూతపడుతుంది. చిక్కంతా ఇక్కడే వుంది.

ఈ ప్రమాదం 2024లో కొత్తగా పుట్టింది కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ తన యాంటీవైరస్‌కు 5958 నంబరు గల కొత్త జాబితాను పంపింది. ఆ జాబితా విండోస్ ఎక్స్‌పీలో అత్యవసరమైన ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలును వైరసుగా పొరబడింది. కాపలావాడు ఇంటి మనిషినే దొంగ అనుకుని పట్టుకున్నాడు. ఎన్నో కార్యాలయాల కంప్యూటర్లు ఆరిపోతూ, మొదలవుతూ కూర్చున్నాయి. 2019 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ పంపిన మార్పులకూ, సోఫోస్, అవాస్ట్, అవీరా వంటి రక్షణ సాఫ్టువేర్లకూ పొసగక విండోస్ 7 యంత్రాలు మొదలయ్యే దగ్గరే బిగుసుకుపోయాయి.

ఇక 2024 సంగతి. మన గడియారం ప్రకారం ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ తన ఫాల్కన్ సాఫ్టువేరుకు ఒక చిన్న ఫైలును పంపింది. లోపలి ప్రోగ్రాముకు అందింది 20 అంశాలు. కొత్త ఫైలు 21వ అంశాన్ని చూడమన్నది. లేనిదాన్ని వెతకబోయి కెర్నెల్ కుప్పకూలింది. 78 నిమిషాల్లో సంస్థ తప్పును సరిదిద్దింది. కాని అప్పటికే 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. విచిత్రమేమంటే 2010లో మెకాఫీ సాంకేతిక విభాగానికి పెద్దగా వున్న జార్జ్ కర్ట్జ్ గారే 2024లో క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి!

మందు 78 నిమిషాల్లో సిద్ధమైతే జబ్బు రోజుల తరబడి ఎందుకు వున్నట్టు? తెరుచుకోని యంత్రం మందును అందుకోలేదు మరి. చాలా చోట్ల మనుషులే ఒక్కో కంప్యూటరు దగ్గరకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ చెడ్డ ఫైలును తీసివేయవలసి వచ్చింది.

ఈ సేఫ్ మోడ్ ఏమిటో మన ప్రాంతం వారికి తేలికగా చెప్పవచ్చు. అదే ఏడాది ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది గదా. మిగతా గేట్లు ఎత్తి నీళ్లు వదిలి, ఒత్తిడి తగ్గించారు. తరువాత కన్నయ్య నాయుడు గారి వంటి అనుభవజ్ఞుల ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ గేటును దింపి, 17వ తేదీకి ప్రవాహాన్ని ఆపారు. సేఫ్ మోడ్ కూడా ఇటువంటిదే. తప్పనిసరి అయిన నలుగురిని మాత్రమే పిలిచి, తక్కిన భారమంతా దించి కంప్యూటరును మొదలుపెట్టడం.

మీ ఇంట్లోనో, మీ పిల్లల బడిలోనో కంప్యూటరు ఇలా మొరాయిస్తే ముందుగా ఒక్క మాట. వెంటనే ఫార్మాట్ చేయించకండి. గేటు పోయిందని డ్యామును తవ్వుకోం గదా! ఫార్మాట్ చేస్తే లెక్కలు, ఫోటోలు అన్నీ పోతాయి. నిన్న మొన్న కొత్తగా ఏం ఎక్కించామో గుర్తు చేసుకోండి. ఒకే యంత్రంలో రెండు యాంటీవైరస్‌లు వున్నాయేమో చూడండి. ఒక వాకిలికి ఇద్దరు కాపలావాళ్లుంటే ఒకరినొకరు దొంగ అనుకునే ప్రమాదం వుంది. విండోస్ 10, 11 యంత్రాలు రెండు మూడు సార్లు తెరుచుకోకపోతే మరమ్మతు తెర తానే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అని వరుసగా వెళ్లి రీస్టార్ట్ చేసి, నాలుగో అంకె నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అక్కడ బయటి యాంటీవైరస్‌ను తొలగించి మామూలుగా తెరవండి. తెరుచుకుంటే తప్పు దానిదేనని తేలినట్టు. రక్షణ లేకుండా పోతామన్న భయం అక్కరలేదు, విండోస్ సొంత డిఫెండర్ ఆ పని అందుకుంటుంది. సేఫ్ మోడ్‌లోనూ తెరుచుకోకపోతే డిస్కునో, మరో భాగాన్నో అనుమానించాలి. అప్పుడు తెలిసినవారికి చూపించండి.

ఇంకొకటి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వుంటే 48 అంకెల తాళపు సంఖ్య అడుగుతుంది. దాన్ని ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. 2024లో ఆ సంఖ్య కూడా తెరుచుకోని కంప్యూటరులోనే వుండిపోయినవారు చాలా అవస్థ పడ్డారు.

ఆ దెబ్బ తరువాత క్రౌడ్‌స్ట్రైక్ మార్పులను కొద్దిమందికి ముందుగా పంపి, చూసి, ఆపైన అందరికీ పంపే పద్ధతికి మారింది. రక్షణ సాఫ్టువేర్లను కెర్నెల్ బయట వుంచే ఏర్పాట్లను మైక్రోసాఫ్ట్ 2025లో మొదలుపెట్టింది. కాపలావాడిని మానిపించనక్కరలేదు. ఇంటి తాళాలన్నీ అతని ఒక్కడి చేతిలో పెట్టి నిద్రపోకూడదు, అంతే. శంషాబాదులో ఆనాడు కొన్ని విమానాలైనా కదిలాయంటే, పెన్నూ కాగితమూ పట్టుకుని చేత్తో రాయగలిగిన మనుషులు ఇంకా వుండబట్టే గదా!