మెమరీకి అదనపు వోల్టేజీ: మదర్‌బోర్డు సవరణల చరిత్ర

కంప్యూటరు మెమరీగా పనిచేసే డీర్యామ్ చిప్పుల చరిత్రను విద్యుత్ సరఫరా వైపు నుంచి పరిశీలిస్తే, అది ఆది నుంచీ తగ్గుతూ వచ్చిన వోల్టేజీల చరిత్రగా కనిపిస్తుంది. 1970ల ద్వితీయార్ధంలో వాడుకలో ఉన్న 16 కిలోబిట్ల చిప్పులకు ప్లస్ 12, ప్లస్ 5, మైనస్ 5 వోల్టుల చొప్పున మూడు సరఫరాలు కావలసి రాగా, తరువాతి 64 కిలోబిట్ల తరం ఒక్క 5 వోల్టుల సరఫరాతో సరిపెట్టుకుంది. 1990లలో వ్యాపించిన ఎస్‌డీర్యామ్ 3.3 వోల్టులకు, 2000లో జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన డీడీఆర్ 2.5కి, ఆపై డీడీఆర్2 1.8కి, డీడీఆర్3 1.5కి దిగాయి. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నకొద్దీ వాటిలోని పలుచని పొరలు అధిక వోల్టేజీని తట్టుకోలేకపోవడం, వేడిని అదుపులో పెట్టవలసి రావడం ఇందుకు ప్రధాన కారణాలు. పరిశ్రమ ఇలా కిందికి దిగుతున్న రోజుల్లోనే, కంప్యూటరును నిర్ణీత వేగానికి మించి నడిపే ఓవర్‌క్లాకర్లు అదే వోల్టేజీని సొంత చేతులతో పైకి ఎక్కించే పనికి పూనుకున్నారు.

వోల్టేజీ పెంచితే వేగం ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు సమాధానం డీర్యామ్ నిర్మాణంలోనే ఉంది. ఒక్కొక్క బిట్టు ఒక చిన్న కెపాసిటరులో విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. చదవవలసి వచ్చినప్పుడు ఆ ఆవేశం బిట్‌లైన్ అనే పొడవైన తీగలోకి పారి, అక్కడ కలిగించే అతి స్వల్పమైన తేడాను సెన్స్ యాంప్లిఫయరు పసిగట్టి పెద్దది చేస్తుంది. సరఫరా వోల్టేజీ హెచ్చితే ఈ తేడా త్వరగా స్పష్టమవుతుంది, ట్రాన్సిస్టర్లు చురుగ్గా మారుతాయి, ఫలితంగా టైమింగులు అని పిలిచే నిరీక్షణ వ్యవధులను పెంచకుండానే క్లాకు వేగాన్ని పెంచడం సాధ్యమవుతుంది. అయితే చిప్పులన్నీ ఈ విషయంలో ఒకే తీరున స్పందించవు; ఈ చరిత్ర ఎక్కువ భాగం నడిచింది ఆ తేడా మీదనే.

బోర్డులోని భాగాలను మార్చి వేగం సాధించే అలవాటు మెమరీతో మొదలు కాలేదు. 1984లో 6 మెగాహెర్ట్జ్ వేగంతో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటరులో 12 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని తీసి 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం పెట్టుకున్నవారు ఉండగా, ఐబీఎం తన తరువాతి బయోస్‌లో, అంటే కంప్యూటరును ప్రారంభించే మూల ప్రోగ్రాములో, వేగాన్ని తనిఖీ చేసే ఏర్పాటు చేసి దానికి అడ్డుకట్ట వేసింది. 1998 నాటి ఇంటెల్ సెలెరాన్ 300ఏ, బస్సు వేగాన్ని 66 నుంచి 100కు మార్చగానే 450 మెగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా నడవడం వల్ల ఓవర్‌క్లాకింగు సామాన్య వినియోగదారుల దాకా వచ్చింది. అప్పటికి మెమరీ వోల్టేజీ ఇంకా ఎవరి దృష్టినీ అంతగా ఆకర్షించలేదు.

ఆ దృష్టి మళ్లినది 2002 తరువాత, ఎన్విడియా ఎన్‌ఫోర్స్2 చిప్‌సెట్ బోర్డుల కాలంలో. అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసరు, ఎబిట్ ఎన్ఎఫ్7-ఎస్ బోర్డు, విన్‌బాండ్ సంస్థ తయారుచేసిన బీహెచ్-5 అనే చిప్పులు గల మెమరీ, ఈ మూడూ కలిసిన కంప్యూటరు ఆనాటి ఔత్సాహికులకు ఆదర్శం. బీహెచ్-5 చిప్పులు 3.2 వోల్టులు దాటినా చెక్కుచెదరక, అత్యంత బిగువైన 2-2-2 టైమింగులతోనే 200 మెగాహెర్ట్జ్ దాటి ఎంతో ముందుకు వెళ్లేవి. అదే కాలపు శాంసంగ్ టీసీసీడీ చిప్పులు ఇందుకు భిన్నంగా తక్కువ వోల్టేజీతోనే అధిక వేగాన్ని అందుకునేవి. చిక్కేమిటంటే ఎన్ఎఫ్7 బయోస్ 2.9 వోల్టుల దగ్గర ఆగిపోయేది. చిప్పు భరించగలిగిన దానికీ బోర్డు ఇవ్వదలచిన దానికీ మధ్య మిగిలిన ఆ కొద్దిపాటి దూరమే సోల్డరింగ్ ఐరన్‌కు పని కల్పించింది.

ఈ సవరణకు ఆధారమైన సూత్రం చాలా సరళమైనది. మెమరీకి విద్యుత్తునిచ్చే రెగ్యులేటరు తన అవుట్‌పుట్‌ను రెండు రెసిస్టర్ల ద్వారా విభజించి, ఫీడ్‌బ్యాక్ అనే కాలి వద్దకు వచ్చిన భాగాన్ని తనలోని స్థిరమైన ప్రమాణ వోల్టేజీతో సరిపోల్చుకుంటూ, రెండూ సమానమయ్యేదాకా అవుట్‌పుట్‌ను సర్దుతుంది. ఆ ఫీడ్‌బ్యాక్ కాలికీ గ్రౌండుకూ మధ్య మరొక రెసిస్టరును అతికిస్తే, త్రాసులో దొంగరాయి వేసినట్టుగా, రెగ్యులేటరు తన అవుట్‌పుట్ తగ్గిందని భ్రమపడి దానిని పెంచుతుంది. ఉదాహరణకు ప్రమాణ వోల్టేజీ 1.25 వోల్టులు, రెండు రెసిస్టర్లూ 1000 ఓమ్‌ల చొప్పున ఉంటే అవుట్‌పుట్ 2.5 వోల్టులు. కింది రెసిస్టరుకు సమాంతరంగా 10,000 ఓమ్‌ల ప్రీసెట్‌ను, అంటే స్క్రూడ్రైవరుతో తిప్పి విలువ మార్చుకోగల రెసిస్టరును కలిపితే అది 2.625 అవుతుంది; ప్రీసెట్‌ను 2,000 ఓమ్‌లకు తిప్పితే 3.125కు చేరుతుంది. పొరపాటున సున్నాకు తిప్పితే ఫీడ్‌బ్యాక్ పూర్తిగా గ్రౌండుకు చేరి, రెగ్యులేటరు తన శక్తి మేరకు వోల్టేజీని ఎక్కించడం వల్ల మెమరీ క్షణంలో కాలిపోతుంది. అందుచేతనే ప్రీసెట్‌ను గరిష్ఠ నిరోధం దగ్గర ఉంచి, మల్టీమీటరు మొనను రెగ్యులేటరు వలయంలోని మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు కాలికి ఆనించి, అంకెలు చూస్తూ కొద్దికొద్దిగా తిప్పడం ఈ పనిలో తప్పనిసరి నియమమైంది.

సోల్డరింగు చేతకానివారికి పెన్సిలు పద్ధతి దొరికింది. గ్రాఫైటు విద్యుద్వాహకం కాబట్టి కింది రెసిస్టరు మీద పెన్సిలుతో రుద్దితే దాని నిరోధం తగ్గి వోల్టేజీ పెరుగుతుంది, చెరిపేస్తే పాత స్థితికి వస్తుంది. ఆ పొడి రాలినకొద్దీ వోల్టేజీ కూడా జారిపోయేది గనుక దీనిని పరిష్కారమనడం కన్నా ప్రయోగమనడం సబబు.

ఒక్క వోల్టేజీని పెంచితే పని పూర్తి కాదన్న సంగతి ఆ తరువాత తెలిసివచ్చింది. డీడీఆర్ సంకేతాలు సరఫరా వోల్టేజీలో సరిగ్గా సగాన్ని ఆధారంగా చేసుకుని సున్నా, ఒకటి అన్న నిర్ణయం చేస్తాయి, సరఫరా 3.2కు చేరినా ఆ సగం 1.25 దగ్గరే ఉండిపోతే పొరపాట్లు తప్పవు. పైగా 3.3 వోల్టుల లైను నుంచి మెమరీ విద్యుత్తును తీసుకునే బోర్డుల్లో అంతకు మించిన వోల్టేజీ రానే రాదు కాబట్టి, కొందరు పవర్ సప్లయిలోని లైనునే పెంచుకున్నారు. ఆ లైను మీద బోర్డులోని ఇతర భాగాలు కూడా ఆధారపడి ఉంటాయన్నది వారు తెలిసి తెచ్చుకున్న ప్రమాదం.

తయారీదారులు ఈ ధోరణిని ఎక్కువ కాలం దూరం నుంచి చూస్తూ ఉండిపోలేదు. 2004లో ఓసీజెడ్ సంస్థ డీడీఆర్ బూస్టర్ అనే చిన్న కార్డును విడుదల చేసింది. ఖాళీ మెమరీ స్లాటులో దానిని గుచ్చి, గుండీ తిప్పి, అంకెల తెర మీద వోల్టేజీని చూసుకోవచ్చు. మరుసటి ఏడాది ప్రాచుర్యం పొందిన డీఎఫ్ఐ లాన్‌పార్టీ ఎన్‌ఫోర్స్4 బోర్డు మెమరీకి 4 వోల్టుల దాకా బయోస్‌లోనే అందించి, 3.2 దాటాలనుకునేవారికి 3.3 వోల్టుల లైనుకు బదులు 5 వోల్టుల లైనును ఎంచుకునే జంపరు ఇచ్చింది. అంతవరకు వారంటీని పోగొట్టే చేతిపనిగా ఉన్నది ఆ బోర్డుతో ప్రకటనల్లో చెప్పుకునే సౌకర్యమైంది. ప్రీసెట్ల కాలం అక్కడితోనే ముగిసిందని చెప్పవచ్చు; ద్రవ నైట్రోజన్‌తో రికార్డుల కోసం పోటీపడేవారు మాత్రం వాటిని వదలలేదు.

అసలైన అవరోధం మరో దిక్కు నుంచి వచ్చింది. 2008 చివర ఇంటెల్ కోర్ ఐ7తో మెమరీ కంట్రోలరును ప్రాసెసరులోకి తరలించడంతో, డీడీఆర్3కి 1.65 వోల్టులు మించితే మెమరీ కన్నా ముందు ఖరీదైన ప్రాసెసరే దెబ్బతినవచ్చునన్న హెచ్చరిక కొన్ని బోర్డుల స్లాట్ల మీద స్టిక్కరుగా వెలిసింది. అంతకు ముందు 1.8 నుంచి 2 వోల్టుల మధ్య అమ్ముడైన డీడీఆర్3 మెమరీ దాంతో కాలం చెల్లినదైపోయింది. ఆపైన 1.2 వోల్టుల డీడీఆర్4 వచ్చాక శాంసంగ్ బీ-డై చిప్పులు 1.5 వోల్టుల దగ్గర బీహెచ్-5 స్వభావాన్నే తిరిగి చూపాయి గానీ, అప్పటికి ఆ వోల్టేజీ ఎక్స్ఎంపీ అనే ముందే రాసిపెట్టిన అమరికలో భాగమైపోయి, బయోస్‌లో ఒక్క ఎంపికతో అమలయ్యేది.

2020లో ప్రమాణంగా వెలువడిన డీడీఆర్5 రెగ్యులేటరును మదర్‌బోర్డు నుంచి తీసి మెమరీ కడ్డీ మీదికే చేర్చింది. వ్యక్తిగత కంప్యూటర్లలో బోర్డు ఇప్పుడు 5 వోల్టులు మాత్రమే అందిస్తే, దానిని 1.1కు దించే పని కడ్డీ మీది పీఎంఐసీ అనే విద్యుత్ నియంత్రణ చిప్పుది. ఆ చిప్పు భద్రతా విధానంలో ఉంటే 1.435 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి కావాలనుకునేవారు ప్రోగ్రామింగుకు అనుమతించే పీఎంఐసీ గల కడ్డీనే వెతికి కొనాలి. మదర్‌బోర్డు మీద ప్రీసెట్ అతికించడానికి ఇక ఫీడ్‌బ్యాక్ కాలే లేదు.