ఐదు అంగుళాల నీరు: రెండవ ప్రపంచ యుద్ధకాలపు బ్రిటన్‌లో స్నానం, వర్గం

1942 అక్టోబరులో అమెరికా అధ్యక్షుని సతీమణి ఎలినార్ రూజ్‌వెల్ట్ లండన్‌లోని బకింగ్‌హామ్ రాజభవనంలో అతిథిగా ఉన్నారు. అక్కడి స్నానపు తొట్టిలో ఒక గీత గీసి ఉండడం ఆమె గమనించారు. నీరు ఆ గీతను దాటకూడదు. ఇంధన పొదుపు కోసం ప్రభుత్వం ప్రజలకు సూచించిన ఐదు అంగుళాల పరిమితి అది. చెంబుతో ఒంటిపై పోసుకునే స్నానం కాక నిలవ నీటిలో కూర్చుని చేసే స్నానం గనుక, నీటి మట్టమే అక్కడ కొలమానమైంది. రాజు కూడా పాటించిన ఈ నియమం యుద్ధకాలపు సమాన త్యాగానికి ప్రతీకగా చరిత్రలో నిలిచిపోయింది. అయితే గీత గీయాలంటే ముందు ఇంట్లో తొట్టి ఉండాలి.

శ్రామికవాడలలోని పాత ఇళ్లలో చాలావాటికి స్నానపు గది లేదు. గోడకు తగిలించిన రేకు తొట్టిని వారానికి ఒకసారి, సాధారణంగా శుక్రవారమో శనివారమో రాత్రి, వంటింటి పొయ్యి ముందుకు దించేవారు. బట్టలు ఉడకబెట్టే కాగులోనే నీళ్లు కాచేవారు. ఆ నీటిలోనే కుటుంబసభ్యులు ఒకరి తరువాత ఒకరు స్నానం చేసేవారు. గని వద్ద స్నానశాల లేని చోట బొగ్గుగని కార్మికుని ఇంట్లో ఈ శ్రమ నిత్యకృత్యం. నీళ్లు మోయడం, కాచడం, పారబోయడం, నల్లబడిన బట్టలు ఉతకడం అన్నీ ఇల్లాలి పనులే. ఇటువంటి ఇంటికి ఐదు అంగుళాల పొదుపు కొత్త త్యాగమేమీ కాదు. స్థిరమైన తొట్టి, వేడినీటి కుళాయి రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో వెలసిన శివారు ఇళ్లకూ కొత్త కౌన్సిల్ ఇళ్లకూ గుర్తులు. పల్లెల్లోని పెద్ద భవంతులలో సైతం సేవకులు పడకగదికి నీళ్లు మోసుకొచ్చే పద్ధతి చాలాకాలం కొనసాగింది. కనుక తొట్టి లేకపోవడం ఒక్కటే పేదరికానికి గుర్తు కాదు. నీళ్లు మోసేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

సబ్బు విషయంలో అసమానత మరింత స్పష్టం. కొవ్వులను ఆహారానికి మళ్లించేందుకు 1942 ఫిబ్రవరి 9న సబ్బును రేషన్ పరిధిలోకి తెచ్చారు. మనిషికి నాలుగు వారాలకు నాలుగు కూపన్లు. ఒక్కో కూపన్‌కు నాలుగు ఔన్సుల బట్టల సబ్బు. ఒంటికీ బట్టలకూ గిన్నెలకూ కలిపి అంతే. శిశువులకూ కొన్ని మురికి వృత్తులవారికీ అదనపు కేటాయింపులు లభించినా, మూల సూత్రం తలకింత అన్నదే. గుమాస్తా చొక్కాకూ కార్ఖానా కూలీ చొక్కాకూ పట్టే మురికి ఒకటి కాదు. బట్టలను లాండ్రీకి పంపగలిగిన కుటుంబానికి కూపన్లు ఒంటికి మిగిలేవి. ఇంట్లోనే ఉతుక్కునే కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. గడ్డం గీసుకునే సబ్బును మాత్రం రేషన్ నుంచి మినహాయించారు. పురుషుని ముఖానికి దొరికిన ఈ మినహాయింపు ఇల్లాలి ఉతుకుడు తొట్టికి దొరకకపోవడం గమనార్హం.

ఈ భౌతిక తేడాను నైతిక తీర్పుగా మార్చిన ఘట్టం అంతకు మూడేళ్ల ముందే జరిగింది. శ్రామికుల ఒంటి వాసన గురించి మధ్యతరగతి పిల్లలకు చిన్ననాటి నుంచే నూరిపోసే అసహ్యాన్ని జార్జ్ ఆర్వెల్ 1937లోనే చర్చించాడు. 1939 సెప్టెంబరు మొదటి రోజులలో ప్రభుత్వం సుమారు 15 లక్షల మందిని, ప్రధానంగా తల్లులనూ పిల్లలనూ, నగరాల నుంచి సురక్షిత ప్రాంతాలకు తరలించినప్పుడు ఆ అసహ్యానికి ఎదురుగా మనుషులు వచ్చి నిలిచారు. పిల్లల తలలో పేలు, పక్క తడపడం, స్నానమంటే బెదురు గురించి ఆతిథ్యమిచ్చిన ఇళ్ల నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వేసవి సెలవుల చివర బయలుదేరిన ఈ పిల్లలకు పాఠశాల వైద్య తనిఖీ జరగలేదన్న సంగతి ఆ కోలాహలంలో మరుగున పడింది. అసలు తనిఖీల లెక్కలే పేల బెడదను తక్కువ చేసి చూపాయని కెనెత్ మెలన్‌బీ పరిశోధన 1941లో వెల్లడించింది. మరోవైపు, కుళాయి సైతం లేని పల్లె కుటీరాలకు చేరి నివ్వెరపోయిన నగర తల్లులూ ఉన్నారు. వారి ఫిర్యాదులకు అంత ప్రచారం రాలేదు.

మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ అధ్యక్షతన ఉన్న మహిళా సంక్షేమ బృందం 1943లో ప్రచురించిన ‘అవర్ టౌన్స్’ నివేదికలో ఈ రెండు ధోరణులూ కలగలిసి కనిపిస్తాయి. ఇళ్ల ఇరుకునూ నీటి వసతి లేమినీ అది నిజాయితీగా నమోదు చేసింది. అదే సమయంలో ‘సమస్యాత్మక కుటుంబం’ అనే ముద్రకు ప్రాచుర్యం కల్పించి, తల్లుల అసమర్థతను వేరే కారణంగా నిలబెట్టింది. సబ్బు రేషన్ 1950 సెప్టెంబరు దాకా సాగింది. ఏ ఇంట్లో స్నానపు తొట్టి ఉన్నదన్న ప్రశ్న జనాభా లెక్కలలో మొదటిసారి చేరినది 1951లో. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 37 శాతం కుటుంబాలకు స్థిరమైన తొట్టి లేదని అప్పుడు తేలింది. 1939లో ఆ తల్లులపై తీర్పులు వెలువడిన వేళ దేశం చేతిలో ఈ లెక్క లేదు.