జపాన్ ఒడ్డు చూడని కెనడా ఆరో డివిజన్

టోక్యోను ఆనుకుని ఉన్న కాంటో మైదానం మీద సముద్రం దారిన దాడికి దిగేందుకు అమెరికా సేనానులు పెట్టుకున్న ముహూర్తం 1946 మార్చి 1. ఆ దాడికి వాళ్లు పెట్టిన మారుపేరు కొరొనెట్. దానికి ముందు, 1945 నవంబర్ 1న, దక్షిణాన క్యూషూ దీవిలో ఒలింపిక్ పేరుతో తొలి దాడి జరగాలి. రెండూ కలిస్తే డౌన్‌ఫాల్. కొరొనెట్‌లో కెనడా వంతు ఒక పదాతి డివిజన్. దానికి నంబరు ఇచ్చారు, సేనానిని నియమించారు, సైనికులను చేర్చుకున్నారు. ఆ సైనికులు జపాన్‌కు ఓడ ఎక్కలేదు.

జపాన్‌తో కెనడాకు పాత లెక్క ఉంది. 1941 చివర హాంకాంగ్ కాపలాకు వెళ్లిన 1,975 మంది కెనడియన్లలో బతికినవారంతా డిసెంబర్ 25న ఖైదీలయ్యారు. 1943 ఆగస్టులో అల్యూషియన్ దీవుల్లోని కిస్కా మీద అమెరికన్లతో పాటు సుమారు 5,300 మంది కెనడియన్లు దిగారు. తీరా చూస్తే దీవి ఖాళీ. జపాన్ సైన్యం అంతకు రెండు వారాల ముందే పొగమంచు చాటున జారుకుంది. కొరొనెట్ నాటికి పనికొచ్చిన పాఠం మాత్రం కిస్కాలోనే దొరికింది: కెనడా దళాన్ని అమెరికన్ల ఆధీనంలో, వాళ్ల సరఫరాలతో నడపడం సాధ్యమే.

అసలు చిక్కు టోక్యో తీరంలో కంటే ఒట్టావాలోనే ఎక్కువగా ఉంది. ప్రధాని మెకెంజీ కింగ్ ప్రభుత్వాన్ని నిర్బంధ సైనిక సేవ అప్పటికే రెండుసార్లు కుదిపింది. 1942 ప్రజాభిప్రాయ సేకరణలో ఇంగ్లిష్ మాట్లాడే కెనడా ఔనంటే ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ కాదంది. 1944 నవంబర్‌లో, ఐరోపాలో పదాతి సైనికులు చాలక, స్వదేశ రక్షణకని పిలిపించినవారిలో 16,000 మందిని సముద్రం దాటించాలని నిర్ణయించారు. దేశం దాటి వెళ్లని ఆ నిర్బంధ సైనికులకు జనం పెట్టిన ఎగతాళి పేరు జాంబీలు. మరో యుద్ధం కోసం మూడోసారి ఇదే గొడవ నెత్తికెత్తుకోవడానికి కింగ్ సిద్ధంగా లేడు. ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉంది. 1944 సెప్టెంబర్‌లో క్యూబెక్ నగరంలో చర్చిల్, రూజ్‌వెల్ట్ సమావేశమైనప్పుడు, కెనడా సైనికులు ఉత్తర, మధ్య పసిఫిక్‌లో పోరాడతారే గాని ఆగ్నేయాసియాలో బ్రిటన్ పోగొట్టుకున్న వలసలను తిరిగి గెలిచిపెట్టడానికి పోరని ఆయన పట్టుబట్టాడు. చివరికి 1945 ఏప్రిల్ 4న కామన్స్ సభలో తన నిర్ణయం చెప్పాడు: పసిఫిక్‌కు వెళ్లేది ఇష్టపడి పేరిచ్చినవారే. ఐరోపాలో పోరాడినవారైనా సరే మళ్లీ పేరివ్వాలి, ముందుగా కెనడాలో ముప్పై రోజుల సెలవు గడపాలి.

అలా సుమారు 30,000 మందితో కెనడా సైన్య పసిఫిక్ దళానికి రూపం ఇచ్చారు. అందులో ప్రధానమైనది ఆరో డివిజన్. ఇటలీలోనూ హాలండ్‌లోనూ ఐదో ఆర్మర్డ్ డివిజన్‌ను నడిపిన మేజర్ జనరల్ బెర్ట్ హాఫ్‌మైస్టర్‌కు దీన్ని అప్పగించారు. ఆయన వృత్తి సైనికుడు కాదు, వాంకూవర్ కలప వ్యాపారం నుంచి వచ్చినవాడు. డివిజన్ కూర్పంతా అమెరికన్ పద్ధతిలో జరిగింది. బ్రిగేడ్‌ల స్థానంలో రెజిమెంట్లు వచ్చాయి, ఆయుధాలు అమెరికావి, శిక్షణకు ఎంచిన చోటు కెంటకీలోని క్యాంప్ బ్రెకిన్‌రిడ్జ్. బెటాలియన్లకు మాత్రం ఒకటో డివిజన్‌లోని పాత పేర్లే పెట్టారు. అమెరికా సరఫరా గొలుసులో ఇమడాలంటే తూటా కొలత నుంచి బండి విడిభాగం వరకు అన్నీ కలవాలి కాబట్టి ఈ మార్పు తప్పలేదు. భారత సైన్యం నుంచి కూడా ఒక డివిజన్ ఇస్తామని బ్రిటన్ అంటే, భాషల తేడాతో చిక్కులొస్తాయని అమెరికా సేనాని మెకార్థర్ ఒప్పుకోలేదు.

ఇష్టపడినవారే వెళ్లాలన్న నియమానికి వింత ఫలితం సముద్రం మీద కనిపించింది. ఉగాండా అనే కెనడా క్రూజర్ అప్పటికే బ్రిటిష్ పసిఫిక్ నౌకాదళంతో కలిసి ఒకినావా దగ్గర యుద్ధంలో ఉంది. పేరివ్వాల్సిన వంతు దాని సిబ్బందికీ వచ్చింది. 1945 మే 7న ఓడ మీదే ఓటింగ్ జరిగింది. 907 మందిలో 605 మంది పేరివ్వలేదు. దీన్ని పిరికితనం అనడం అన్యాయం. శత్రు విమానాల నీడలో పోరాడుతున్నవాళ్లను పట్టుకుని యుద్ధానికి వస్తారా అని కాగితం మీద అడగడం చాలామందికి అవమానంగా తోచింది. బదులు ఓడ వచ్చేదాకా ఉగాండా పోరాడుతూనే ఉంది. జులై 27న బయలుదేరి ఆగస్టు 10న బ్రిటిష్ కొలంబియాలోని ఎస్క్వైమాల్ట్ చేరింది.

వైమానిక దళం వంతు టైగర్ ఫోర్స్. ఒకినావా నుంచి జపాన్‌పై బాంబులు వేయాల్సిన ఆ బలగం కోసం ఎనిమిది కెనడా స్క్వాడ్రన్లు లాంకాస్టర్ విమానాలతో ఇంగ్లండ్ నుంచి నోవా స్కోషియాకు తిరిగి వచ్చాయి. జపనీస్ తెలిసినవాళ్లూ కావలసి వచ్చారు. 1942లో పసిఫిక్ తీరం నుంచి వెళ్లగొట్టిన సుమారు 22,000 మంది జపాన్ సంతతివారిలోని యువకులనే 1945లో దుబాసీలుగా సైన్యంలోకి తీసుకున్నారు. వాళ్ల కుటుంబాలకు మాత్రం తీరానికి తిరిగి వచ్చేందుకు ఇంకా అనుమతి లేదు.

ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి అణుబాంబులకు నాశనమయ్యాయి. వారం తిరగకముందే జపాన్ లొంగిపోయింది. సెప్టెంబర్ 1న పసిఫిక్ దళాన్ని రద్దు చేశారు. మర్నాడు అమెరికా యుద్ధనౌక మిసోరి మీద లొంగుబాటు పత్రంపై కెనడా తరఫున సంతకం చేసిన కల్నల్ కాస్‌గ్రేవ్, జపాన్‌కు ఇచ్చిన ప్రతిలో ఒక గీత కిందికి జారి ఫ్రాన్స్ చోట పేరు రాశాడు. దాంతో తర్వాతి దేశాలన్నీ ఒక్కో గీత కిందికి జరిగాయి. సెప్టెంబర్ 5న టైగర్ ఫోర్స్ స్క్వాడ్రన్లనూ రద్దు చేశారు. పసిఫిక్ కోసం కొత్తగా కూర్చిన రాయల్ కెనడియన్ రెజిమెంట్ బెటాలియన్‌ను మాత్రం ఇంటికి పంపకుండా ఉంచుకుని, శాంతికాలపు శాశ్వత సైన్యంలో కలిపారు. అది జరిగిన తేదీ 1946 మార్చి 1.