రెండేళ్లకే ముసలితనం: అలెప్పో పొలం నుంచి గల్ఫ్ ఇళ్ల దాకా హ్యామ్‌స్టర్ కథ

డ్యూటీలో ఉండి ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ల కోసం ఎప్పటిలాగే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఈసారి కథ ఒక చిన్న జీవిది. పేరు హ్యామ్‌స్టర్. తోక ఉందా లేదా అన్నట్టుండే ఎలుక జాతి. గల్ఫ్‌లో చాలా ఇళ్లల్లో పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటారు. నెల తిరిగేసరికి పంజరం కడగడం, గింజలు వేయడం ఆ ఇంట్లో పనిచేసే మన అక్కల మీదో, హౌస్ డ్రైవర్ మీదో పడుతుంది.

అసలు గొడవ రెండేళ్లకు మొదలవుతుంది. వెంట్రుకలు ఊడతాయి, చిక్కిపోతుంది, ఒక పొద్దున ఇక లేవదు. "దానికి ఏం పెట్టావు నువ్వు?" అన్న మాట ముందు మనవాళ్ల మీదికే వస్తుంది. పిల్ల ఏడుస్తుంటే మేడమ్‌కి ఏం చెప్పాలో తెలీదు, జీతంలో కోస్తారేమోనని గుబులు. దీని చరిత్ర తెలిస్తే ఆ ప్రశ్నకు జవాబు కూడా దొరుకుతుంది. అందుకే ఈ కథ.

దీని సొంత ఊరు సిరియాలోని అలెప్పో చుట్టుపక్కల గోధుమ పొలాలు. 18వ శతాబ్దంలో అక్కడ అలెగ్జాండర్ రస్సెల్, పాట్రిక్ రస్సెల్ అని ఇద్దరు అన్నదమ్ములు డాక్టర్లుగా పనిచేశారు. అలెప్పో గురించి వాళ్ల పుస్తకం 1794లో రెండోసారి అచ్చయినప్పుడు అందులో ఈ జంతువు ప్రస్తావన ఉంది. దాని బుగ్గ సంచుల్లో చిక్కుడుకాయలు ఎంత పొందికగా పేర్చి ఉన్నాయో చూసి ఆశ్చర్యపోయినట్టు రాశారు. ఆ పాట్రిక్ రస్సెల్ మనకు కొత్తవాడేం కాదు. తర్వాత మన విశాఖపట్నం వచ్చి, కోరమాండల్ తీరం పాముల మీద 1796లో పుస్తకం వేశాడు. మనవాళ్లు చెప్పిన "కాటుక రేకుల పొడ" అన్న పేరునే అందులో రాసుకున్నాడు. అదే రక్తపింజర. ఇంగ్లీషులో ఆ పాముకు నేటికీ రస్సెల్ పేరే ఉంది.

హ్యామ్‌స్టర్‌కి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1839లో, లండన్‌లో జార్జ్ వాటర్‌హౌస్. ఆయన చేతికి అలెప్పో నుంచి వచ్చింది ఒకే ఒక్కటి, అదీ వయసు మీరిన ఆడది. అంటే లోకానికి ఈ జాతి మొదట పరిచయమైందే ముసలి రూపంలో. ఆ తర్వాత దాదాపు వందేళ్లు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1930లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో సాల్ అడ్లర్ అనే శాస్త్రవేత్త ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే లీష్మేనియా జబ్బుల మీద పనిచేస్తున్నాడు. బీహార్, బెంగాల్ వైపు కాలా అజార్ అంటారే, ఆ కుటుంబం జబ్బులు. ప్రయోగాలకు ఆయన వాడుతున్న చైనా హ్యామ్‌స్టర్లు పంజరంలో సరిగా పిల్లలు పెట్టడం లేదు. సిరియా జాతిని తెచ్చిపెట్టమని ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతు శాస్త్రవేత్తను అడిగాడు. ఏప్రిల్ 12న అలెప్పో దగ్గర ఒక పొలంలో కూలీలు తవ్వడం మొదలుపెట్టారు. ఎనిమిది అడుగుల లోతుకు వెళ్తే గానీ గూడు దొరకలేదు. సైటులో గుంత తవ్వించిన వాళ్లకు తెలుస్తుంది, యంత్రం లేకుండా ఎనిమిది అడుగులంటే ఏమిటో. ఆ కూలీల పేర్లు మాత్రం చరిత్రలోకి ఎక్కలేదు.

గూట్లో ఒక తల్లి, 11 పిల్లలు. బెదిరిన తల్లి ఒక పిల్లను కొరికి చంపేసింది. మిగతావాటినీ చంపేస్తుందని తల్లిని చంపి, పిల్లల్ని చేతులతో పెంచారు. కొన్ని పంజరం కొరుక్కుని పారిపోయాయి. చివరికి మిగిలినవి నాలుగైదుకు మించవు. అన్నాచెల్లెళ్ల మధ్యే సంతానం కలిగి, ఒక్క ఏడాదిలో అవి 150 దాకా అయ్యాయి. 1931లో ఇంగ్లండ్ చేరాయి, 1938లో అమెరికా. ఈ రోజు ఇళ్లల్లో ఉన్న బంగారు రంగు హ్యామ్‌స్టర్లలో దాదాపు అన్నీ ఆ ఒక్క గూటి వారసులే. చిన్న సైజు మరుగుజ్జు రకాలు వేరే జాతులు. వాటి ఆయుష్షూ ఇంతే.

ల్యాబులకు ఇది ఎందుకు నచ్చింది? వేగం వల్ల. చూలు కట్టిన 16 రోజులకే ఈనుతుంది. పుట్టిన నెలన్నరకే అది కూడా పిల్లల్ని పెట్టే వయసుకు వస్తుంది. అయితే వయసు ఎంత తొందరగా వస్తుందో ముసలితనం కూడా అంతే తొందరగా వస్తుంది. ఆయుష్షు రెండేళ్లు, బాగా సాగితే మూడేళ్లు. ఏడాదిన్నర దాటిందంటే పెద్ద వయసు కిందే లెక్క.

ముసలి హ్యామ్‌స్టర్లకు ఏమవుతుందో ల్యాబుల్లో ఏళ్ల తరబడి చూసి రాసి పెట్టారు. ఒక రకం ప్రొటీను కిడ్నీల్లో, లివర్లో పేరుకుపోతుంది. దాన్ని అమిలాయిడోసిస్ అంటారు, ఆడవాటిలో ఎక్కువ. నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఒళ్లు ఉబ్బుతుంది, బరువు తగ్గుతుంది. గుండె గదిలో రక్తం గడ్డకట్టడం, కణుతులు కూడా మామూలే. ఇవేవీ మనం వేసిన గింజల వల్ల వచ్చినవి కావు.

ఒక్క విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త కావాలి. ఊరి నుంచి తెచ్చుకున్న అమాక్సిసిలిన్ గొట్టం విప్పి, పొడి నీళ్లలో కలిపి పోయకండి. పెన్సిలిన్ రకం మందులు, క్లిండామైసిన్ లాంటివి హ్యామ్‌స్టర్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీస్తాయి. 1970ల చివర్లో అమెరికాలో జాన్ బార్ట్‌లెట్ బృందం సరిగ్గా ఇదే గమనించింది. క్లిండామైసిన్ ఇచ్చిన హ్యామ్‌స్టర్లు ఎందుకు చనిపోతున్నాయో వెతుకుతూ పోతే, మనుషుల్లో యాంటీబయాటిక్ తర్వాత వచ్చే ప్రమాదకరమైన విరేచనాలకు కారణమైన బ్యాక్టీరియా దొరికింది. అంటే ఆసుపత్రిలో మన ప్రాణాలు కాపాడే జ్ఞానం కొంత ఈ జీవి చావుల నుంచే వచ్చింది.

కరోనా అప్పుడూ అంతే. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌ను పుణె జాతీయ వైరాలజీ సంస్థలో సిరియా హ్యామ్‌స్టర్ల మీద కూడా పరీక్షించారు. 2021 నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను తన జాబితాలో చేర్చే దాకా చాలా దేశాలు ఒప్పుకోక, సెలవు మీద ఊరెళ్లి ఇరుక్కుపోయిన వాళ్లు మనలో ఎంతమందో. ఆ టీకా వెనక అలెప్పో పొలం గూటి సంతానం కూడా ఉంది.

ఇప్పుడు పంజరం బాధ్యత మీ మీద ఉంటే ఏం చేయాలి? సైటులో కాంక్రీటు క్యూబ్ మీద పోసిన తేదీ రాస్తాం కదా, అలా హ్యామ్‌స్టర్ కొన్న తేదీ పంజరానికి ఒక కాగితం మీద రాసి అంటించండి. ముసలిదైనప్పుడు ఏసీ గాలి నేరుగా తగలకుండా పెట్టండి. చలికి అది ఒళ్లు చల్లబడి కదలకుండా పడుకోవచ్చు, చనిపోయిందని పారేయకముందు కాసేపు వెచ్చగా ఉంచి చూడండి. మేత, నీళ్లు అందేంత కిందికి పెట్టండి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అవి వంకరపోతే తినలేదు. తినడం మానేసినా, తడి విరేచనాలైనా, గడ్డ కనిపించినా అదే రోజు ఫోటో తీసి మేడమ్‌కి పంపండి, పశువుల డాక్టరుకు చూపించమనండి. "ముందే చెప్పలేదేం" అన్న మాట రాకుండా ఆ ఫోటోయే మీకు సాక్ష్యం.

ఇంట్లో పిల్లకు కూడా ముందే చెప్పమనండి: ఈ జాతికి రెండేళ్లంటే నిండు జీవితమని. పుట్టినచోట పొలాల్లో అయితే దానికి అంత ఆయుష్షు దొరకడమే కష్టం. ముసలితనం దాకా వచ్చిందంటే ఎవరో దాన్ని బాగా చూసుకున్నారనే అర్థం. ఆ ఎవరో చాలాసార్లు మన అక్కే.