రాబర్ట్ వేడ్: కాలువలు, బదిలీలు, ప్రభుత్వోద్యోగుల పనితీరు

వర్ధమాన దేశాల్లో ప్రభుత్వోద్యోగి పని ఎందుకు చెడుతుందంటే జీతం చాలదనో, శిక్షణ లేదనో, మనిషి మంచివాడు కాదనో చెప్పడం రివాజు. రాబర్ట్ వేడ్ 1970ల ద్వితీయార్ధం నుంచి దక్షిణ భారతంలో కాలువల కింద వ్యవసాయాన్ని పరిశీలించి మరో కారణం చూపాడు: బదిలీ. అప్పట్లో ఆయన ససెక్స్‌లోని అభివృద్ధి అధ్యయన సంస్థ పరిశోధకుడు. తర్వాత ప్రపంచ బ్యాంకులో పనిచేసి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యుడయ్యాడు. తూర్పాసియా పారిశ్రామికీకరణపై 1990లో వెలువడిన ‘గవర్నింగ్ ది మార్కెట్’ ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది. అయినా ఉద్యోగుల పనితీరు అధ్యయనంలో ఆయన అసలు కృషి మన కాలువల దగ్గరిదే.

1982 నాటి వ్యాసంలో ఆయన వర్ణించిన గొలుసు ఇది. నీటి పంపిణీ నుంచి, కాంట్రాక్టు పనుల నుంచి కొందరు ఇంజనీర్లు అక్రమంగా రాబడి పిండుకుంటారు. అందులో వాటా పై అధికారులకు, రాజకీయ నాయకులకు చేరుతుంది. ఆ వాటా అందకపోతే బదిలీ తప్పదు. మంచి పోస్టుకు డబ్బు పెట్టి వచ్చినవాడు దాన్ని రాబట్టుకోవాలి గనుక, నీరు ఎప్పుడొస్తుందో రైతుకు తెలియకుండా ఉండటమే అతనికి లాభం. 1985లో ఆయన దీనికి ప్రభుత్వ కొలువుల అంగడి అని పేరు పెట్టాడు. ఇదంతా చెప్పుడు మాటల మీద కట్టిన సిద్ధాంతమని ఆక్షేపించవచ్చు. లంచానికి రసీదు ఉండదు మరి! కానీ ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, మధ్యవాడు విడివిడిగా ఒకే కథ చెబితే దాన్ని కొట్టిపారేయలేం.

వేడ్ గ్రామ పరిశీలన కర్నూలు మెట్ట ప్రాంతానిది. గోదావరి పక్కనే ఉన్న కోనసీమకు అది వర్తించదన్న అభ్యంతరం బలమైనదే. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, గన్నవరం అక్విడెక్టు పుణ్యమా అని రాజోలు దాకా నీరు పారడం మొదలైంది. ఇక్కడ ఖరీఫ్‌లో నీరు రాకపోవడం కన్నా పోకపోవడమే పెద్ద బెడద. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల బాగు కూడా అడిగారు. దీన్ని పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అయినా ఈ కాలువల పూడికతీత స్వభావం గమనిస్తే వేడ్ తర్కం ఇక్కడికీ సరిపోతుందనిపిస్తుంది. తీసిన మట్టి ఎంతంటే కొలతల పుస్తకం (ఎం.బుక్కు)లో రాసిన అంకె ఎంతో అంతే. వేసవిలో కట్టేసిన కాలువకు మళ్లీ నీళ్లు వదిలాక దాన్ని కొలిచి చూసేవాడుండడు. ఎవరి మీదా నేరం మోపకుండానే చెప్పగలిగిన మాట ఇది: తనిఖీకి అందని పని చేసే ఉద్యోగి ఎవరికి జవాబుదారీ అన్నది అతని తర్వాతి పోస్టింగు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

రైతులే కాలువ చూసుకుంటే సరిపోదా అన్నది మరో అభ్యంతరం. 1988 నాటి ‘విలేజ్ రిపబ్లిక్స్’లో వేడ్ దీన్ని తేల్చాడు. శివారు గ్రామాలు నీరుకట్టేవాళ్లను, పొలం కాపలాదారులను పెట్టుకుని ఊరి నిధితో జీతాలిచ్చాయి. ఎగువ గ్రామాలకు ఆ అవసరం కలగలేదు. ఉమ్మడి వనరుల నిర్వహణను అధ్యయనం చేసిన ఎలినార్ ఆస్ట్రమ్ ఈ పరిశోధనను వాడుకున్నది. అయితే 1997లో మన రాష్ట్రం నీటి వినియోగదారుల సంఘాలకు చట్టం చేసినప్పుడు కొన్ని పనులు రైతులకు వచ్చాయి గానీ ఇంజనీరు బదిలీ మాత్రం రాలేదు. గ్రామం తన నీరుకట్టును మార్చుకోగలదు, సహాయక ఇంజనీరు (ఏఈ)ని మార్చలేదు.

తర్వాతి తరంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో ప్రయోగం చేసి, పిల్లల ఫలితాలను బట్టి ఉపాధ్యాయులకు చిన్న బోనస్ ఇచ్చినా చదువు మెరుగుపడిందని 2011లో చూపారు. దీంతో వేడ్ వాదం పాతబడిందనుకోనక్కర్లేదు. పిల్లవాడి మార్కులను పరీక్ష పెట్టి కొలవచ్చు, డ్రెయిను అడుగును కొలవడం కష్టం. లక్ష్మీ అయ్యర్, ఆనంది మణి 2012లో ఐఏఎస్ అధికారుల వివరాలతో, నాయకులు బదిలీలనే పగ్గంగా వాడుతున్నారని చూపారు. మరుసటి ఏడు టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణీత పదవీకాలం, సివిల్ సర్వీసుల బోర్డులు కావాలని ఆదేశించింది.