వేలము కాని వేలంపాట

రోమను చక్రవర్తులపై జరిగిన కుట్రలను వర్ణించువారు కాలిగులా ఉన్మాదమును, నీరో విలాసమును, కొమోడస్ క్రౌర్యమును ఏకరువు పెట్టి, దుష్టులగుటచేతనే వారు నశించిరని తీర్పు చెప్పి ఊరకుందురు. అదియే నిజమైనచో ముదుసలియు మితవ్యయియు నైన పెర్టినాక్స్ ఏల చంపబడవలెను?

తొలి ఘట్టములు విదితములే. క్రీ.పూ. 27లో ఆగస్టస్ ఏకాధిపత్యమునకు గణతంత్రవేషము తొడిగెనే గాని వారసత్వశాసనము చేయలేదు. క్రీ.శ. 23లో అంగరక్షకదళాధిపతి సెజానస్ అంగరక్షకదళముల నన్నిటిని రోము అంచున ఒకే శిబిరమున చేర్చెను. 41లో కాలిగులా హతుడు కాగా, తెరచాటున దాగిన అతని పినతండ్రి క్లాడియస్‌ను భటులు శిబిరమునకు గొనిపోయిరి. అతడు తలకు 15,000 సెస్టర్సులు ఇత్తునని పట్టము కట్టుకొనెను. ఈనాము ఈయనన్న చక్రవర్తి గాల్బా 69 జనవరిలో నడివీధిని తల గోల్పోయెను.

ఇక 193 మార్చి 28 నాటి కథ. కొమోడస్ తరువాత గద్దెనెక్కిన పెర్టినాక్స్‌ను చంపిన భటులు సామ్రాజ్యమును వేలము వేసిరనియు, శిబిరము లోపల అతనికి పిల్లనిచ్చిన మామ సుల్పిసియానస్, వెలుపల సెనేటు సభ్యుడు డిడియస్ జూలియానస్ పోటీపడి పాట పెంచిరనియు, తలకు 20,000 కడ జూలియానస్ ఒక్కమారుగ 5,000 హెచ్చించి, వ్రేళ్లు చూపుచు కేకవేసి గెలిచెననియు చరిత్రకారుడు డియో వ్రాసెను. ఆంగ్ల చరిత్రకారుడు గిబ్బన్ దానికి వన్నెపెట్టి లోకమున వ్యాపింపజేసెను. డియో ఆనాడు రోములో నున్న సెనేటు సభ్యుడే యైనను, శిబిరద్వారమున నిలిచి చూచినవాడు కాడు. పైగా న్యాయస్థానములలో జూలియానస్‌ను పలుమారు ఎదిరించినవాడు. మరియొక చరిత్రకారుడు హెరోడియన్ చెప్పిన కథలోనైతే భటులు ద్వారము తెరువక గోడమీదనుండి నిచ్చెన దింపిరి.

సాక్ష్యములు భిన్నములైనను, అంకెలు మాత్రము వేలమనుమాటకు లొంగవు. ధర్మాత్ముడని మనము కొనియాడు మార్కస్ ఔరేలియస్ 161లోనే 20,000 ఇచ్చియుండెను. బొక్కసమున 10 లక్షల సెస్టర్సులు మాత్రమే మిగిలియుండగా పెర్టినాక్స్ 12,000 ఇచ్చి, మార్కస్‌తో సమానముగ నిచ్చితినని చెప్పుకొనెను. భటులకు లెక్క తెలియదా? కావున సుల్పిసియానస్ పలికినది ఆనవాయితీ. జూలియానస్ చేర్చినది కొసరు. అట్లని ధనమే సర్వమనుటయు సాహసమే. మామ అల్లుని పగ తీర్చుకొనునన్న భయము కూడ భటులను అటు త్రిప్పెనని డియోయే ఒప్పుకొనుచున్నాడు. విక్రేతయే భయపడు అమ్మకమును వేలమనుట యెట్లు?

  

జూలియానస్ ఏలినది 66 దినములు. అతని తరువాత చక్రవర్తియైన సెవెరస్ ఆ అంగరక్షకదళమును తొలగించి, తన సైనికులతో క్రొత్తదళమును నిలిపెను. 312లో కాన్‌స్టంటైన్ దానిని రద్దుచేసి శిబిరమును పాడుపెట్టెను. నగరప్రాకారమున కలిసిపోయిన ఆ శిబిరపు వెలుపలి గోడలు నేటికిని రోములో నిలిచియున్నవి.