నల్లా నుండి మళ్ళీ చేదబావికి: కోహీరు నీళ్ళ కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన సంఘం మిత్రులు కోరారు. రాజుల చరిత్ర వ్రాసేటంత పాండిత్యం నాకు లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వోద్యోగం చేసి, అందులో ఎక్కువ కాలం హైదరాబాదులో నల్లా నీళ్ళు త్రాగి, పదవీ విరమణ తరువాత స్వగ్రామమైన కోహీరు చేరి ఇంటి బావికి మారినవాణ్ణి. కనుక నీళ్ళ చరిత్రే వ్రాస్తున్నాను. మనలో చాలామంది పెన్షన్ వచ్చాక సొంత ఊళ్ళకు పోతున్నారు. పెరట్లోని పాత బావిని ఉంచడమా, పూడ్చడమా అన్న ప్రశ్న వారికీ ఎదురవుతుంది.

కోహీరు అనగానే అందరికీ జామపండ్లు, చలికాలంలో వణికించే చలి గుర్తుకు వస్తాయి. మాది ఎత్తైన పీఠభూమి, ఎర్ర నేల. ఈ నేల క్రింద ఉన్నది లాటరైట్ రాయి. తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుంది. దాని నిండా రంధ్రాలే. దానికి అడుగున బంకమన్ను, ఆ క్రింద నల్లరాయి. వాన నీరు ఎర్ర రాయిలో నుండి ఇట్టే ఇంకి, బంకమన్ను దగ్గర ఆగి, పల్లానికి ప్రాకి, పీఠభూమి అంచున ఊటగా బయటపడుతుంది. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరస్వామి గుడి గుండం చూసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు; ఆ ఊరి పేరులోనే ఊట ఉంది.

ఈ రహస్యాన్ని అయిదారువందల ఏళ్ళ క్రిందటే పట్టుకున్నవారు మా పొరుగున ఉన్న బీదరు వారు. బహమనీ సుల్తానుల రాజధాని అయిన ఆ పట్టణంలో 15వ శతాబ్దంలో భూమి లోపల సొరంగాలు తవ్వి, ఊట నీటిని వాలు మీద నడిపించి జనానికి అందించారు. పారశీక దేశపు పద్ధతి గనుక వాటిని కారేజ్ అంటారు. పొడవునా పైనుండి బావుల వంటి రంధ్రాలు దించారు. వాటి గుండా మనుషులు దిగి పూడిక తీసేవారు, గాలి వెలుతురు లోపలికి పోయేది. నౌబాదు దగ్గరి కారేజ్‌ను ఇటీవలి సంవత్సరాలలో పూడిక తీసి వెలికి తెచ్చారు.

సామాన్యునికి మాత్రం బావే ఆధారం. మా సరిహద్దులో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. తెలుగువారికీ కన్నడిగులకూ అది బావే. పొలానికి మోట బావి, ఊరికి దిగుడు బావి, ఇంటికి చేదబావి. వీటిలో దిగుడు బావి చూడముచ్చటగా ఉండేది కాని, మనుషులను మంచాన వేసింది కూడా అదే. నారికురుపు ఉన్నవారు మెట్లు దిగి నీళ్ళలో కాలు పెడితే పురుగు పిల్లలను విడిచేది. కంటికి ఆనని నీటి పురుగులు వాటిని మ్రింగేవి. ఆ నీళ్ళు వడకట్టకుండా త్రాగినవారికి ఏడాది తిరిగేసరికి కాలి నుండి బారెడు పురుగు బయటికి వచ్చేది. దీనికి మందు లేదు. బట్టతో వడకట్టడం, దిగుడు బావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, ఇవే దాన్ని నిర్మూలించాయి. మన దేశంలో చివరి రోగి 1996లో నమోదయ్యాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి విముక్తి ధ్రువపత్రం ఇచ్చింది.

నిజాం ప్రభుత్వం పల్లెల మంచినీటి కోసం బావుల తవ్వకానికి వెల్ సింకింగ్ డిపార్ట్‌మెంట్ అని ఒక శాఖనే పెట్టింది. భూగర్భ శాస్త్రవేత్త లియోనార్డ్ మన్ రాయచూరు ప్రాంతంలో ఆ పని చూశాడు. రాయిని చదివి బావి తవ్వే పద్ధతి మన రాజ్యంలో అలా పాతుకున్నది.

ఇక నల్లా సంగతి. 1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళు త్రాగిన పేటలో ఆరువందల మందికి పైగా కలరాతో పోయారు. డాక్టర్ జాన్ స్నో ఇంటింటి లెక్క తీసి ఆ బావే కారణమని చూపి, పంపు పిడి తీయించాడు. ఇరుకు పట్టణంలో మరుగుదొడ్డి ప్రక్కన బావి ఉంటే ఏమవుతుందో లోకానికి తెలిసింది. హైదరాబాదులో 1908 మూసీ వరదల తరువాత ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవీ చాలక 1965 నుండి మంజీర నీటిని, తరువాత సింగూరు నీటిని నగరానికి తరలించారు. మా జిల్లా నది నీళ్ళు రాజధానిలో నల్లా త్రిప్పితే వచ్చేవి. మా పల్లెల్లో మాత్రం బొక్కెన బావిలోకి దిగితేనే వచ్చేవి. మేమున్న బస్తీలో రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చేవి. డ్రమ్ములు, బిందెలు, గోలేలు నింపుకోవడానికి తెల్లవారుజామునే ఇల్లంతా లేచేది.

పదవీ విరమణ చేసి ఇల్లు చేరేసరికి మా నాయన కట్టించిన బావి చెత్తతో నిండి ఉంది. పూడ్చి గది కట్టుకొమ్మన్నవారే ఎక్కువ. పూడిక తీసే పనివారిలో పెద్దాయన ఒకరు దిగి చూసి, "సారూ, ఊట సావలే, తొవ్వ మూసుకున్నది, గంతే" అన్నాడు. నాలుగు రోజులు బురద తోడాక రాతి సందుల్లో నుండి నీరు వేలి లావున కారసాగింది. గిరక, చేంతాడు కొత్తవి తెచ్చాము. నీళ్ళు పరీక్షకు పంపిన తరువాతనే త్రాగడం మొదలుపెట్టాము.

అయితే నాలుగేళ్ళకు చుట్టుపట్ల బోర్లు పడ్డాయి. బోరు బండి ఒక్క రోజులో వందల అడుగులు దిగుతుంది. ఎండాకాలం రాగానే మా బావిలో నీరు అడుగంటింది. మనమూ బోరు వేద్దామని మా అబ్బాయి పట్టుబట్టాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన భూమి క్రింది నీటిని తోడుకునే హక్కు ఆ భూయజమానికి ఉంది. ఇంగ్లండులో 1843 నాటి తీర్పు ఇంకా కఠినం: గని తవ్వితే పొరుగు మిల్లు బావి ఎండింది, అయినా పరిహారం దక్కలేదు. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ఈ హక్కుకు కొంత కళ్ళెం వేసి, బావుల నమోదు, కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసింది. కాని మా వెనుక ఇంటి విధవరాలికి ఉన్నది చేదబావి ఒక్కటే. మా బోరు పడితే ముందుగా ఎండేది అదే. "ఆమె అడిగితే ఏ చట్టం చూపిస్తావు బిడ్డా?" అన్నాను. వాడు మారు పలకలేదు.

బోరు మాని మిద్దె మీది వాన నీటిని ఇసుక, కంకర గుంత గుండా బావిలోకి మళ్ళించాము. వేయి చదరపు అడుగుల కప్పు మీద 800 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 74 వేల లీటర్లు. అయిదవ వంతు పోయినా 59 వేలు మిగులుతాయి. మా బావి పూర్వంలా నిండిందని చెప్పను. మే నెలలో కూడా బొక్కెన మునుగుతున్నది. వెనుక ఇంటి బావీ నిలిచింది.

బావికి మారదలచిన మిత్రులకు కొన్ని మనవులు. మరుగుదొడ్డి గుంతకు బావి కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి. చుట్టూ గోడ, చప్టా, పైన మూత ఉండాలి. ఏడాదికొకసారి పరీక్ష చేయించండి. లీటరుకు ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే త్రాగరాదు. కాచినా, బ్లీచింగ్ కలిపినా అవి పోవు. సూక్ష్మక్రిములకు మాత్రం బ్లీచింగ్ పనిచేస్తుంది: వేయి లీటర్లకు రెండున్నర గ్రాములు. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల నీరుంటే దాదాపు 9,400 లీటర్లు, అంటే సుమారు 24 గ్రాముల పొడి. బొక్కెనలో కలిపి, సున్నం అడుగున పేరాక పైతేట మాత్రమే బావిలో పోసి కలియబెట్టి, కనీసం గంట ఆగాలి. రాత్రి పూట వేస్తే మేలు.

2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఆ పథకంతో ఒకప్పుడు రాజధానికి పోయిన సింగూరు నీరు మా పల్లెల వైపూ తిరిగింది. అది చూసి మా బంధువులు, ఇంకా బావి ఎందుకు, పూడ్చెయ్యమన్నారు. నేను పూడ్చలేదు. శుద్ధి చేసిన నీరు ఇంటికి వస్తే త్రాగడానికి అదే మేలు, సందేహం లేదు. కాని కరెంటు పోయిననాడు, గొట్టం పగిలిననాడు వాడకట్టు బిందెలన్నీ మా గిరక దగ్గరికే వస్తున్నాయి. మీ ఇళ్ళలో పాత బావి ఉంటే దాన్ని చెత్తకుండీ చేయకుండా మూత వేసి కాపాడవలసిందిగా, మీ మనవలకు చేంతాడు పట్టడం నేర్పవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.